జీడి షెడ్డుకు త్రీఫేజ్ కరెంటు ఇప్పించండి: కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన శ్రీకాకుళం జిల్లా కలెక్టర్ గారికి,

మందస మండలంలో కొండ దిగువన ఉన్న సవర గిరిజనుల గూడెం నుంచి మా మహిళా సంఘం తరఫున రాస్తున్నాను. సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చిన అర్జీలు మీ దాకా వచ్చాయో లేదో తెలియక ఇలా అందరి ముందూ రాయాల్సి వచ్చింది.

ఫౌండేషన్ వాళ్లు కట్టించిన జీడిపప్పు షెడ్డు సంగతి మీకు తెలుసు. స్థలం ఊరిది, పునాది రాళ్లు మోసింది మేమే. సాయంత్రం బడి కూడా వాళ్లే మొదలుపెట్టారు. రెండేళ్లు పంతులమ్మ జీతం వాళ్లిస్తారు, తర్వాత షెడ్డు లాభంలోంచి మేమివ్వాలి. మాకు నచ్చిందీ అదే, ఇక ఎవరి ముందూ చెయ్యి చాచక్కర్లేదని.

షెడ్డులో మిషన్లు నడవడానికి త్రీఫేజ్ కరెంటు ఇప్పిస్తామని ప్రారంభోత్సవం రోజున అధికారులు మైకులో చెప్పారు. డిపాజిట్ కట్టాం. స్తంభాలు వేయాలన్నారు. వేరే ట్రాన్స్‌ఫార్మర్ కావాలన్నారు. ఎస్టిమేట్ పైకి పంపామన్నారు. పోయిన నెల 'మీ అర్జీ పరిష్కారమైంది' అని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. పరుగెత్తుకెళ్లి చూస్తే షెడ్డు దగ్గర ఒక్క స్తంభం కూడా లేదు. జీడి పిక్కలు చేత్తో కొట్టుకుందామన్నా, డ్రయ్యర్‌లో ఎండితే గానీ పప్పుకి పొట్టు ఊడదు కదా సార్.

గడువు అయిపోయి ఫౌండేషన్ వాళ్లు వెళ్లిపోయారు. మిషన్ల మీద కప్పిన పట్టాలు ఎలుకలు కొరికేశాయి. మా పిక్కలు మళ్లీ 80 కిలోల బస్తాల లెక్కన దళారికే పోతున్నాయి, అతను చెప్పిందే రేటు. ఆడవాళ్లు కొందరు పలాస వైపు కూలికి వెళ్తున్నారు. జీడి రసానికి వేళ్లు పొక్కి అన్నం కలుపుకోలేకపోతున్నారు. సొంత షెడ్డు ఉండి ఈ కూలి పనేమిటి?

జీతం ఇవ్వలేక బడి ఆపేశాం. నాకు కడుపు మండేది ఇక్కడే. మా పిల్లలు ఇంట్లో సవర మాట్లాడతారు. ఒకటో తరగతిలో తెలుగు పాఠం అర్థంకాక నోరు విప్పేవాళ్లు కాదు. సాయంత్రం మా గూడెం అమ్మాయే సవరలో విడమరిచి చెబుతుంటే, పొద్దున్నే ఎవరూ తరమకుండానే బడికి పోయేవాళ్లు. ఈ జిల్లాలో పుట్టిన గిడుగు రామమూర్తి గారు వందేళ్లకు ముందే సవర నేర్చుకుని, సవరలో వాచకాలు రాసి, సొంత డబ్బుతో సవర పిల్లలకు బడులు పెట్టారు. ఆయన పుట్టిన ఆగస్టు 29న సభలు పెడతారు కదా, ఆ రోజైనా మా బడి ఎవరికీ గుర్తుకు రాదా?

అయ్యా, కొత్త పథకం అడగడం లేదు. ఆ కరెంటు లైను ఇప్పించండి. ఒక్కసారి మీరే వచ్చి షెడ్డు చూడండి. కరెంటు వచ్చేదాకా పంతులమ్మ జీతానికి ఏదో ఒక దారి చూపించండి. మార్చిలో పిక్కలు రాలడం మొదలవుతుంది, ఆలోపే కరెంటు ఇప్పించండి.

ఇట్లు,
మహిళా సంఘం సభ్యురాలు,
మందస మండలం