రెండో స్లాటు ఖాళీగా వదలకు

గుంటూరు,
అరండల్‌పేట

అమ్మలూ,

ఫోన్లో నేను సగం చెప్పేలోపే "సరే నాన్నా, తెలుసు నాన్నా" అంటావు. కాగితం మీదైతే అడ్డు తగల్లేవు కదా, అందుకే రాస్తున్నా.

వచ్చే వారం నువ్వు సొంతంగా ఒప్పుకున్న మొదటి పెళ్లి. క్యామెరాకి రెండు కార్డు స్లాట్లున్నా, ఒకటి నిండాక రెండోది ఎక్కేలా పెట్టుకుంటానన్నావు. రెండిట్లోనూ ఒకేసారి రికార్డు చేయడం దండగన్నావు. "టేపులతో భయపడ్డ కాలం నీది, కార్డుకి ఏమవుతుంది" అని ఓ మాట కూడా వేశావు. నీ మాట సగం నిజం. ఆ సగం ఎంత నిజమో నీకన్నా నాకే బాగా తెలుసు.

2005 మే నెలలో తెనాలిలో ఓ పెళ్లి. ముహూర్తం రాత్రి 2 దాటాక. జీలకర్ర బెల్లం అయింది, హమ్మయ్య అనుకున్నా. ఇంతలో పెళ్లికూతురి మేనత్త వచ్చి "మా పిల్ల మొహం ఎట్టా పడిందో చూపించు బాబూ" అంది. రివైండ్ చేసి చూపించా. ఆవిడ కళ్లు తుడుచుకుంటుంటే అటు తాళి కట్టించడానికి పిలిచారు. టేపుని ముందుకి తిప్పుకోకుండానే రికార్డు బటన్ నొక్కేశా. మూడో రోజు మిక్సింగులో కూర్చుంటే గానీ తెలియలేదు. పురోహితుడు జీలకర్ర బెల్లం ముద్ద చేతికిస్తున్నాడు, మరుక్షణం మెడలో తాళి! మధ్యలో నాలుగు నిమిషాలు నా చేత్తో నేనే చెరిపేశా. పెళ్లికూతురి నాన్న ఒక్క మాట అనలేదు. మిగతా డబ్బు లెక్కపెట్టి ఇచ్చాడు. రెండో కూతురి పెళ్లికి మాత్రం వేరేవాళ్లని పెట్టుకున్నాడు.

కార్డులో ఈ బాధ లేదు. ఎన్నిసార్లు వెనక్కి చూపించినా కొత్త షాటు ఖాళీ చోటులోకే వెళ్తుంది. నువ్వు చేతులారా డిలీట్ కొడితే తప్ప పాతది పోదు. బొమ్మలో నాణ్యత గురించి అందరూ చెబుతారు గానీ, నన్నడిగితే కార్డు పుణ్యమంటే ముందు ఇదే.

రెండోది దుమ్ము. మిర్చి సీజన్లో యార్డులో షూటింగంటే మనకి తుమ్ములు, క్యామెరాకి జబ్బు. అప్పట్లో మేం వాడిన మినీడీవీ అనే చిన్న క్యాసెట్‌లో టేపు వెడల్పు 6.35 మిల్లీమీటర్లు. దాన్ని రాసుకుంటూ, బొమ్మని టేపు మీదికి ఎక్కించే హెడ్డు డ్రమ్ము నిమిషానికి 9,000 చుట్లు తిరుగుతుంది. మధ్యలో నలుసు పడిందా, బొమ్మంతా గళ్లు గళ్లు. హెచ్‌డీవీ వచ్చాక ఇంకా కష్టమైంది. అదే చిన్న క్యాసెట్‌లో హెచ్‌డీ పట్టించడానికి 12 ఫ్రేములు ఒక జట్టుగా కట్టి కుదించేవాళ్లు. టేపు మీద ఒక్క మచ్చ చాలు, జట్టు మొత్తం చెడి దాదాపు అరసెకను బొమ్మ బిగుసుకుపోయేది. తాళిలో మూడో ముడి పడేది ఆ అరసెకనులోనే కదా!

ఇక శ్రావణంలో పెళ్లిళ్లు. ఏసీ గదిలోంచి క్యామెరా పట్టుకుని షామియానా కిందకి వస్తే లోపల చెమ్మ పట్టేది. డ్యూ అని స్క్రీన్ మీద పడి, ఆరేదాకా టేపు కదిలేది కాదు. బయట సన్నాయి మొదలైపోయింది, నేను క్యామెరాకి విసనకర్రతో విసురుతున్నా! అమ్మ ఇప్పటికీ ఇది చెప్పి నవ్వుతుంది. కార్డు క్యామెరాకి లెన్సు మసకేస్తే తుడుచుకుంటే సరి, లోపల చుట్టుకునేదేమీ లేదు.

టేపు బదులు వాడే పీ2 అనే కార్డుని పానాసోనిక్ వాళ్లు తెచ్చింది 2004లో. మొదట్లో ఆ కార్డు విప్పితే లోపల నాలుగు ఎస్‌డీ కార్డులు ఉండేవి. హెచ్‌డీలో తీస్తే ఒక జీబీకి ఒక్క నిమిషం. అది టీవీ చానళ్ల వైభోగం, మనలాంటివాళ్లకి అందేది కాదు. మామూలు ఎస్‌డీ కార్డు మీద హెచ్‌డీ తీసే ప్రొఫెషనల్ క్యామెరాలు వచ్చాకే నేను అమ్మ నానుతాడు తాకట్టు పెట్టి ఒకటి కొన్నా. 16 జీబీ కార్డులో దాదాపు గంటన్నర పట్టేది. అందులో ప్రీ రికార్డింగ్ అని ఒకటుంది, నీ దాంట్లోనూ ఉంటుంది, చూసుకో. బటన్ నొక్కకముందు మూడు సెకన్లు కూడా దాచిపెడుతుంది. భజంత్రీలు ఒక్కసారిగా జోరందుకున్నాక ఉలిక్కిపడి నొక్కినా ఘట్టం దొరుకుతుంది. ఆరు క్యాసెట్లు కంప్యూటర్లోకి ఎక్కించడానికి ఆరు గంటలు కాపలా కాసే పని కూడా దాంతోనే పోయింది.

ఇక నువ్వు వినని సగం. టేపు చెడితే అరసెకనో, నా తెలివితక్కువ వల్ల నాలుగు నిమిషాలో పోతుంది. కార్డు చెడితే మొత్తం పోతుంది, అదీ చెప్పాపెట్టకుండా. మంగళగిరిలో ఓ నిశ్చితార్థం అయ్యాక కార్డు రీడర్లో పెడితే "ఫార్మాట్ చేయాలా" అని అడిగింది చూడు, నా కాళ్లు వణికాయి. రికవరీ సాఫ్ట్‌వేర్‌తో మూడొంతులు వచ్చింది. ఉంగరాలు మార్చుకున్నది రాలేదు. అందుకే రెండు కార్డుల్లోనూ ఒకేసారి రికార్డు చెయ్యమంటున్నా.

ఇంకోటుంది. క్యాసెట్ అటక మీద పడేస్తే దానంతట అదే పడుండేది. కార్డుని మర్నాడే ఇంకో పనికి తుడిచేస్తాం. అందుకే రెండు హార్డ్‌డిస్కుల్లోకి ఎక్కించి, రెండిట్లోనూ ప్లే చేసి చూశాకే తుడువు. వీడియో ఫైళ్లు ఏరుకోకు, పైనున్న ఫోల్డరుతో సహా మొత్తం తీసుకో. పొడవు షాటుని క్యామెరా ముక్కలు చేసి దాస్తుంది. ఏ ముక్క తర్వాత ఏదో చెప్పే లెక్క పక్క ఫైళ్లలో ఉంటుంది. ఫార్మాట్ కూడా క్యామెరాలోనే చెయ్యి, ల్యాప్‌టాప్‌లో వద్దు.

రెండో స్లాటుకి కార్డు కొనడానికి డబ్బులు నీ ఖాతాలో వేశా. చవకరకం కొనకు, బిల్లు నాకు పంపించు. అమ్మకి చెప్పకు, మళ్లీ నానుతాడు కథ మొదలుపెడుతుంది.

నాన్న