సోలార్ హీటర్‌లో కరెంటు ఎలిమెంట్ అమర్చిన తీరుపై ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

నమస్కారం. తిరుపతి ఎం.ఆర్. పల్లిలోని మా ఇంటికి మీ కంపెనీ 200 లీటర్ల సోలార్ వాటర్ హీటర్ బిగించింది. గాజు గొట్టాల గురించి గానీ ట్యాంకు గురించి గానీ నాకు ఫిర్యాదు లేదు. ఎండ కాసిన రోజు చెయ్యి పెట్టలేనంత వేడినీళ్లు వస్తున్నాయి. నా బాధంతా ఎండ లేని రోజుల్లో నీళ్లు కాచడానికి ట్యాంకు లోపల పెట్టిన 2 కిలోవాట్ల కరెంటు ఎలిమెంట్‌ గురించే. దాన్ని మీవాళ్లు అమర్చిన తీరూ బాగాలేదు, ఎలా వాడాలో చెప్పిన తీరూ బాగాలేదు.

"ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచండి సార్, వేడెక్కాక థర్మోస్టాట్ ఆపేస్తుంది" అని మీ మెకానిక్ చెప్పాడు. ఆపేస్తుంది, నిజమే. కానీ రాత్రి స్నానాలయ్యాక ట్యాంకులోకి చన్నీళ్లు చేరితే మళ్లీ మొదలవుతుంది. తెల్లారేసరికి ట్యాంకంతా కరెంటుతోనే కాగి ఉంటుంది. పొద్దున స్నానాలయ్యాక చేరిన చన్నీళ్లను కూడా ఎండ ఎక్కేలోపే ఎలిమెంట్ కాచేస్తోంది. ఇక ఎండకు మిగిలిన పనేముంది? 200 లీటర్ల నీళ్లు 30 డిగ్రీలు వేడెక్కాలంటే దాదాపు 7 యూనిట్లు కాలుతాయి. తిరుపతి ఎండ ఏడాదిలో ఎక్కువ రోజులు ఆ పని ఊరికే చేసిపెడుతుంది. అందుకే కదా అంత డబ్బు పోసి సోలార్ కొన్నాం! తీరా చూస్తే కరెంటు బిల్లు గీజర్ ఉన్నప్పటిలాగే వస్తోంది.

అన్నిటికన్నా నాకు కోపం తెప్పించింది స్విచ్ పెట్టిన చోటు. దాన్ని మిద్దె మీద ట్యాంకు స్టాండుకే బిగించారు. ఇక్కడ మబ్బులు పట్టేది ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాల వానల్లో. ఎలిమెంట్ అవసరపడేదీ అప్పుడే. ఆ వానలో తడిసిన మెట్లెక్కి, తడి చేత్తో కరెంటు స్విచ్ ముట్టుకోవాలా? మా అమ్మకు మోకాళ్ల నొప్పులు, ఆమె అసలు ఎక్కలేదు. ఆన్‌లో ఉందో లేదో కింద తెలిసే దారి కూడా లేదు. ఇలాంటి చోట స్విచ్ ఉంటే ఎవరైనా ఆన్ చేసి వదిలేస్తారు.

పైగా మాది బోరు నీళ్లు. ఎలిమెంట్ ఎంత ఎక్కువ నడిస్తే దాని మీద అంత సున్నం పేరుకుంటుంది.

ఫోన్ చేస్తే సర్వీస్ చార్జీ కట్టమన్నారు. మీరు సరిగా చేయని పనికి నేను కట్టను. స్విచ్‌ను ఇండికేటర్ బల్బుతో సహా కింద, బాత్రూం బయటికి మార్చండి. దానికి టైమర్, ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే తనంతట తానే ఆగిపోయే స్విచ్) బిగించి, ఎర్తింగ్ పరీక్షించండి. థర్మోస్టాట్‌ను 60 డిగ్రీలకు తగ్గించండి. మబ్బు పట్టిన రోజు కూడా ట్యాంకులో నీళ్లు గోరువెచ్చగానే ఉంటాయి. తెల్లవారుజామున స్నానాలకు ముందు గంటో గంటన్నరో ఎలిమెంట్ నడిస్తే మాకు చాలు. రాత్రంతా నడవాల్సిన అవసరమే లేదు. ఈ సంగతి తెలుగులో ఒక కాగితం మీద అచ్చువేసి మీ కొనుగోలుదారులందరికీ ఇవ్వండి. మా వీధిలో మీ హీటరున్న మిగతా ఇళ్లవాళ్లకూ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచమని చెప్పి వెళ్లారు.

15 రోజుల్లో మీ మనిషి రాకపోతే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేసి, ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. బిల్లు, వారంటీ కార్డు, స్విచ్ ఫొటోలు జతచేశాను.

ఇట్లు,
మీ వినియోగదారుడు,
ఎం.ఆర్. పల్లి, తిరుపతి