‘సి’ సర్టిఫికెట్ తర్వాత దారి ఎవరు చూపాలి?

సంపాదకులకు నమస్కారం.

మన వరంగల్ యువత కానిస్టేబుల్ నియామకాలకూ అగ్నివీర్ ర్యాలీలకూ ఎంత పట్టుదలగా తయారవుతారో చూడాలంటే తెల్లవారుజామున హనుమకొండలో ఏ మైదానానికి వెళ్లినా చాలు. అక్కడ పరుగెత్తేవారిలో డిగ్రీతో పాటు ఎన్‌సీసీ (నేషనల్ క్యాడెట్ కోర్) కళాశాల స్థాయి శిక్షణ చివర్లో ఇచ్చే ‘సి’ సర్టిఫికెట్ చేతిలో ఉన్నవారూ కనిపిస్తారు. ఆ సర్టిఫికెట్‌తో సైన్యంలో లెఫ్టినెంట్‌ హోదా అధికారిగా చేరే అవకాశం కూడా ఉందన్న సంగతి వారిలో చాలామందికి తెలియదు. ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో చరిత్ర బోధిస్తూ కొన్నేళ్లు ఎన్‌సీసీ బాధ్యతలు చూసిన నాకు ఇందులో వాటా ఉంది కనుకనే ఈ లేఖ రాస్తున్నాను.

డిగ్రీలో కనీసం 50 శాతం మార్కులు, ‘సి’ సర్టిఫికెట్‌లో కనీసం ‘బి’ గ్రేడు ఉండి, 19 నుంచి 25 ఏళ్ల మధ్య వయసున్న అవివాహితులు, యువకులైనా యువతులైనా, సైన్యంలో అధికారులుగా చేరే ఎన్‌సీసీ స్పెషల్ ఎంట్రీకి దరఖాస్తు చేసుకోవచ్చు. సైనికాధికారుల ఎంపికకు యూపీఎస్సీ పెట్టే సీడీఎస్ రాత పరీక్షతో పనిలేదు. వడపోతలో నిలిచినవారిని నేరుగా ఎస్ఎస్‌బీ (సర్వీసెస్ సెలక్షన్ బోర్డు) ఇంటర్వ్యూకు పిలుస్తారు. అందులోనూ వైద్య పరీక్షలోనూ నెగ్గి తుది జాబితాలో చోటు దక్కితే చెన్నైలోని ఆఫీసర్స్ ట్రెయినింగ్ అకాడమీలో 49 వారాల శిక్షణ. చివరి ఏడాది చదువుతున్నవారు కూడా అర్హులే.

రెండేళ్ల కిందట హనుమకొండ బస్టాండులో నా పాత క్యాడెట్ ఒకరు ఎదురుపడ్డాడు. పరకాల వైపు పల్లె నుంచి మొదటి బస్సు పట్టుకుని, బూట్లు అద్దంలా మెరిపించుకుని ఆదివారం పరేడ్‌కు అందరికంటే ముందు వచ్చేవాడు. ‘ఏ’ గ్రేడు తెచ్చుకున్నాడు. “రాత పరీక్ష లేకుండనే పోవచ్చట గద సార్, అప్పుడే చెప్తే బాగుండేది” అన్నాడు. అప్పటికి వయసు దాటిపోయింది. ఆ ప్రకటన నేను నోటీసు బోర్డుకు అంటించిన మాట నిజమే. అది ఆంగ్లంలో ఉంది. మర్నాటికే దాని మీద స్కాలర్‌షిప్ నోటీసు వచ్చి పడింది.

తెలిసినంత మాత్రాన గట్టెక్కుతారని కాదు. ఎస్ఎస్‌బీ అయిదు రోజుల పరీక్ష. మొదటి రోజే మసకగా ఉన్న ఒక బొమ్మను 30 సెకన్లు చూపి, నాలుగు నిమిషాల్లో కథ రాయమంటారు. ఆ తర్వాత దాన్ని బృందంలో చెప్పి చర్చించాలి. తెలుగు మాధ్యమంలో చదివిన మన పిల్లలు ఎక్కువగా వెనకబడేది అక్కడే. ధైర్యం లేక కాదు, నలుగురిలో ఆంగ్లంలో నోరు విప్పిన అలవాటు లేక. బెంగళూరుకో భోపాల్‌కో రైలెక్కి వెళ్లి, తొలిరోజే వెనక్కి వచ్చిన పిల్లవాడు రెండోసారి ప్రయత్నించడం అరుదు. హైదరాబాద్‌లో ప్రైవేటు శిక్షణకు వెళ్లే స్తోమత అందరికీ ఉండదు.

కరీంనగర్ జిల్లా రుక్మాపూర్‌లో గురుకుల సైనిక పాఠశాల పెట్టిన ప్రభుత్వం డిగ్రీ విద్యార్థుల గురించీ ఆలోచించాలి. ఎన్‌సీసీని క్రెడిట్లున్న ఎలక్టివ్‌గా, అంటే విద్యార్థి ఎంచుకునే ఐచ్ఛిక కోర్సుగా తీసుకోవచ్చని యూజీసీ 2021లోనే విశ్వవిద్యాలయాలకు సూచించింది. కాకతీయ, శాతవాహన విశ్వవిద్యాలయాలు చివరి ఏడాది క్యాడెట్లకు సెలవుల్లో మూడు వారాల ఎస్ఎస్‌బీ సాధన శిబిరం పెట్టి, ఈ ప్రాంతంలో స్థిరపడిన మాజీ సైనికాధికారుల చేత నడిపించాలని నా విన్నపం. ఎన్‌సీసీ చూసే అధ్యాపకుడు బదిలీ అయితే ఆ బాధ్యతను ఇష్టంలేని మరొకరికి తాత్కాలికంగా అంటగట్టే పద్ధతి కూడా మానాలి. ఇక స్పెషల్ ఎంట్రీ ప్రకటన వెలువడినప్పుడల్లా దాన్ని తెలుగులో రాయించి, బోర్డుకు అంటించి ఊరుకోకుండా, ఆదివారం పరేడ్‌లో వరుసల ముందు నిలబడి చదివి వినిపించాలి.

ఇట్లు,
విశ్రాంత అధ్యాపకుడు, హనుమకొండ