మా గేదె ఏ కోవలోకి వస్తుంది సార్?

హస్తకళల మేళా చూసే అధికారి గారికి,

నమస్కారం. నేను హైదరాబాద్‌లో ఒక రేకుల షెడ్డులో చెక్కతో జంతువుల బొమ్మలు చేస్తాను. వీపు మీద కొంగను ఎక్కించుకుని ఇరానీ చాయ్ తాగే గేదె, హెల్మెట్ పెట్టుకున్న కోతి, ఇలాంటివి. మొన్న స్టాల్ కోసం వస్తే, మీ కౌంటర్‌లో గేదెను అటూ ఇటూ తిప్పి చూసి, నవ్వి, "ఇది నిర్మల్ కాదు, కొండపల్లీ కాదు. ఏ కోవలో రాయమంటారు?" అన్నారు. నవ్వించింది కదా, బొమ్మ పని అదే! స్టాల్ మాత్రం రాలేదు.

నేను వాడేదీ నిర్మల్ వాళ్లు వాడే పొనికి కర్రే. తేలిగ్గా ఉంటుంది, ఉలికి మెత్తగా లొంగుతుంది. పచ్చిగా ఉండగా చెక్కితే తర్వాత పగులుతుంది. చెవులు, కొమ్ములు విడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తాను. అది ఆరేదాకా రంగు జోలికి పోను. కంటి చుక్క ఆఖరున, ఊపిరి బిగబట్టి పెడతాను. వెంట్రుకవాసి జరిగినా గేదె దొంగచూపులు చూస్తుంది (ఒక్కోసారి కావాలనే జరుపుతాను).

నిర్మల్, కొండపల్లి బొమ్మలకు జీఐ గుర్తింపు (ఆ పేరు ఆ ప్రాంతం సరుకుకే చెందుతుందనే గుర్తింపు) ఉంది, ఉండాలి కూడా. వాళ్ల పేరు నాకొద్దు. దరఖాస్తులో 'ఇతర చెక్క బొమ్మలు' అని ఒక్క గడి పెట్టించండి చాలు. వచ్చే మేళాకి గేదెను మళ్లీ తీసుకొస్తాను.

ఇట్లు,
ఒక బొమ్మల పనివాడు