మురళీ, ముందు ఆ అగరొత్తి ఆర్పు

ఒరేయ్ మురళీ,

నీ ఉత్తరం, దానితోపాటు పన్నెండు వారాల ప్రణాళిక అందాయి. ఏడీహెచ్‌డీ (దృష్టి నిలపడం, కుదురుగా ఉండటం కష్టమయ్యే మెదడు తీరు), ఆటిజం (మనుషులతో మెలగడం, శబ్దాలు, వాసనలు వేరుగా తగిలే తీరు) ఉన్న పెద్దవాళ్లకి ధ్యానం, జపం కలిపి కోచింగ్ ఇస్తానన్నావు, చాలా సంతోషం. కోప్పడనంటే ఒక మాట. మొదటి వారమే "కళ్లు మూసుకుని, కదలకుండా ఇరవై నిమిషాలు శ్వాసని గమనించాలి" అని రాశావు చూడు, సగం మంది అక్కడే జారిపోతారు. శ్రద్ధ లేక కాదు. ఏడీహెచ్‌డీ ఉన్న చాలామందికి కాలు ఊపుతుంటేనే మాట బుర్రకెక్కుతుంది. కదలొద్దన్నావనుకో, ఉన్న శక్తంతా కదలకుండా ఉండటానికే అయిపోతుంది. ఇక శ్వాస సంగతి. ఆందోళన ఎక్కువున్నవాళ్లు దానిమీద దృష్టి పెడితే ఊపిరి అందట్లేదేమోనన్న భయం మొదలవుతుంది. అలాంటివాళ్లకి నేలకి ఆనిన అరికాళ్లో, ఫ్యాను చప్పుడో, చేతిలో రుద్రాక్షో ఇవ్వు. కళ్లు తెరిచే ఉంచమను.

"హృదయంలో పద్మాన్ని ఊహించండి" అన్నది మూడో వారంలో ఉంది. కొందరికి మనసులో బొమ్మ అన్నదే రాదురా. దీనికి అఫాంటసియా అని 2015లో ఆడమ్ జెమాన్ అనే నరాల వైద్యుడు, ఆయన సహచరులు పేరు పెట్టారు. అలాంటి మనిషిని "ఇంకొంచెం ప్రయత్నించండి" అంటే, తనలోనే ఏదో లోపం ఉందనుకుని ఇంటికెళ్తాడు. ముందే అడుగు, బొమ్మ కనిపిస్తుందా, మాట వినిపిస్తుందా, రెండూ లేవా అని.

తమాషా ఏంటంటే, కూర్చోనక్కర్లేని సాధనలకి మన దగ్గర కొదవే లేదు. చిలుకూరు బాలాజీ గుడినే చూడు. మొక్కుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, కోరిక తీరాక 108. చేతిలో అంకెల కార్డు, చుట్టుకో టిక్కు. అందులో కదలికుంది, లెక్కుంది, ఎంత అయిందో కంటికి కనపడుతుంది, పక్కన అదే పని చేస్తున్న జనం ఉన్నారు. ఆ చివరిదాన్నే ఇప్పుడు కోచ్‌లు 'బాడీ డబ్లింగ్' అంటున్నారు. పక్కన ఒక మనిషి తన పని తను చేసుకుంటూ కూర్చుంటే మన పనీ సాగడం, అంతే. అయితే ఆటిజం ఉన్నవాళ్లలో చాలామందికి శెలవురోజు రద్దీ, ఆ గోల నరకం. వాళ్లకి ఇంట్లో తులసికోట చుట్టూ మూడు చుట్లు చాలు.

రామకోటి కూడా అలాంటిదే. గళ్ల పుస్తకం, పెన్ను, ఒక్కో గడికి ఒక్క నామం. చేతికి పని దొరికితే మనసు ఎక్కువ దూరం పోదు, పోయినా ఎక్కడ ఆగిందో కాగితం చెబుతుంది. రోజుకి ఒక వరసతో మొదలుపెట్టించు, పేజీ వద్దు. రాయడమే కష్టమయ్యేవాళ్లు ఉంటారు, అక్షరాలు తారుమారై చిన్నప్పటి నుంచీ తిట్లు తిన్నవాళ్లు. వాళ్లకి రామకోటి ఇచ్చావంటే బడి గుర్తొస్తుంది. మాల ఇవ్వు, అదీ 108 పూసలది కాదు, 27ది. మానసిక జపం ఉత్తమమని పెద్దలంటారు, కాదనను. కానీ మనసు పారిపోయే మనిషికి మొదట పైకి పలికే వాచికమే సరైంది. మానసికంలో ఎప్పుడు దారి తప్పాడో వాడికే తెలియదు.

ఎంతసేపు అంటావా? రెండేసి నిమిషాలు, రోజుకి మూడుసార్లు. పళ్లు తోముకోవడానికో, కాఫీకో ముడిపెట్టాలి, గడియారానికి కాదు. ఒంట్లో బాగోని రోజుకి ఒక్క పూస. ఆ ఒక్క పూసని సగం సాధనగా చూడొద్దు, పూర్తి సాధనే అని ముందే కాగితం మీద రాసివ్వు.

మండలం, నలభై ఒక్క రోజులు అని పెట్టావు. నిజమైన దీక్షకి గురువు చెప్పిన నియమం ఉంటుంది, అందులో మనం వేలు పెట్టం. కోచింగ్‌లో మాత్రం వరసగా నలభై ఒకటి అనకు. పదో రోజు తప్పిందంటే అంతా పోయిందని పుస్తకం మూసేస్తారు, తర్వాత సిగ్గుతో నీ ఫోనెత్తరు. నలభై ఒక్క చుక్కలు పెట్టించు, ఎన్ని రోజుల్లో నిండితే అన్ని రోజులు. ఇరవై ఒక్క రోజుల్లో అలవాటైపోతుందన్న మాట కూడా కొట్టెయ్. లండన్‌లో చేసిన ఒక అధ్యయనం 2010లో వచ్చింది. ఒక చిన్న అలవాటు కుదురుకోవడానికి సగటున 66 రోజులు, మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా పడుతుందని తేలింది. మనం చూసే మనుషులకి ఎప్పుడూ ఎగుడుదిగుళ్లే మరి.

ఇక గది. దైవికంగా ఉండాలని అగరొత్తి, కర్పూరం, గంట అన్నీ సిద్ధం చేసుకుంటున్నావు. వాసనలు, శబ్దాలు మామూలు కంటే గట్టిగా తగిలేవాళ్లకి అగరొత్తి పావుగంటలో తలనొప్పి తెస్తుంది. మర్యాదకి నీతో చెప్పరు, మరుసటి వారం రారు. అడగకుండా వెలిగించకు. దీపం వైపు చూసే త్రాటకం కూడా అందరికీ కాదు. ఆటిజం ఉన్నవాళ్లలో మూర్ఛ వ్యాధి మిగతావాళ్లకంటే ఎక్కువ. మూర్ఛ, మైగ్రేన్ ఉన్నాయేమో కనుక్కోకుండా రెపరెపలాడే వెలుగు ముందు కూర్చోబెట్టకు. కళ్లలోకి చూసి మాట్లాడమనకు. ఏం జరుగుతుంది, ఎంతసేపు, మధ్యలో లేవొచ్చా, ఇవన్నీ ముందురోజే మెసేజ్ పెట్టు. ఆ మెసేజ్‌లో కూడా ఒట్టి "సరే." అని ఆపకు. ఆ చుక్కని కోపం అనుకుని రాత్రంతా నిద్రపోనివాళ్లుంటారు.

"ఈ బాధ ఒంట్లో ఎక్కడ తెలుస్తోంది?" అన్న నీ ప్రశ్న పుస్తకంలో బాగుంటుంది. ఆకలి, దాహం, కోపం వేరువేరుగా తెలియనివాళ్లు మనదగ్గరికి వచ్చేవాళ్లలో తక్కువేం కాదు. అందుకని వేడిగానా చల్లగానా, బరువా తేలికా అని రెండేసి ఇచ్చి ఎంచుకోమను. దానికంటే ముందు, చివరిసారి ఎప్పుడు తిన్నారని అడుగు. ఏడీహెచ్‌డీకి వాడే మిథైల్‌ఫెనిడేట్ అనే మందు చాలామందికి ఆకలి చంపేస్తుంది. మధ్యాహ్నం మానేసిన భోజనం సాయంత్రానికి 'అంతరంగంలో శూన్యం'లా కనిపిస్తుంది, నువ్వేమో దానికి వైరాగ్యమని పేరు పెడతావు! ఏకాదశి ఉపవాసం కూడా డాక్టరుని అడిగాకే. ధ్యానంతో మందు తగ్గించుకోవచ్చు అన్న మాట పొరపాటున కూడా నీ నోట రాకూడదు.

లోపలి గాయం అన్నావు కదా, అది ఎక్కువగా ఏళ్లతరబడి మామూలుగా కనిపించడానికి వేసుకున్న ముసుగు వల్ల వచ్చిందే. నలభై ఏళ్లకి తమకున్నది ఏడీహెచ్‌డీయో, ఆటిజమో అని తెలిసినప్పుడు హాయితోపాటు ఏడుపూ వస్తుంది, "చిన్నప్పుడే తెలిసుంటే" అని. ఏడవనీ. వెంటనే క్షమించేయమనకు. పూర్వజన్మ కర్మ అనకు. నువ్వు దైవాంశవి, ఇండిగో ఆత్మవి (ఏవో దివ్యశక్తులతో పుట్టిన ప్రత్యేకమైన ఆత్మవి) అనీ అనకు, అదింకా ప్రమాదం. శాపమన్నా వరమన్నా మనిషికి కావలసిన సాయం దొరక్కుండా పోతుంది.

రెండు మూడు రాత్రులు నిద్ర లేకున్నా అలసట తెలియట్లేదన్నా, దేవుడు తనతోనే మాట్లాడుతున్నాడన్నా, చచ్చిపోతే బాగుండన్నా సాధన అక్కడే ఆపు. ఇంట్లోవాళ్లకి చెప్పి సైకియాట్రిస్టు దగ్గరికి పంపించు. మానసిక సాయం కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416 గోడకి అంటించు, అందులో తెలుగులోనే మాట్లాడతారు, రాత్రీ పగలూ ఎత్తుతారు.

మిగతా వారాలు చూసి మళ్లీ రాస్తాను. ఈలోపు ఆ గదిలో ట్యూబ్‌లైటు తీయించి బల్బు పెట్టించు. గుయ్యిమంటోందని నువ్వే రాశావు.

నీ,
రఘు