గట్టు వేసే ముందు ఊరినడగండి

సంపాదకుల వారికి,

అయ్యా,

కోనసీమలో చేలలోని మిగులు నీటిని తీసుకుపోయే మురుగు కాలువలు దాదాపు అన్నీ దక్షిణానికి, సముద్రం వైపుకు పారతాయి. మనం వేసుకుంటున్న పెద్ద దారులు మాత్రం తూర్పు పడమరలుగా సాగుతున్నాయి. యానాం, అమలాపురం, రాజోలు మీదుగా వచ్చి చించినాడ వంతెన దాటి దిగమర్రు చేరే 216వ నంబరు జాతీయ రహదారి అలాంటిదే. 2000–01లో మంజూరై, గౌతమి, వైనతేయ, వశిష్ఠ పాయలు మూడింటినీ దాటవలసిన 57 కిలోమీటర్ల కోటిపల్లి–నరసాపురం రైలు మార్గమూ అలాంటిదే. ఈ దారుల కోసం వేసే మట్టి గట్ల కింద ఏ చోట ఎంత వెడల్పు ఖానా (నీరు పారే కల్వర్టు) వదులుతారన్న దానిని బట్టే, ఎగువనున్న వరిచేను సార్వాలో (ఖరీఫ్‌లో) ఎన్ని రోజులు నీటిలో నానుతుందో తేలుతుంది. ఇంత ముఖ్యమైన సంగతిలో ఊరివాళ్ళను అడిగే ఏర్పాటు చట్టంలో దాదాపు లేదన్న విషయం తమ పత్రిక ద్వారా అధికారుల దృష్టికి తేవాలని ఈ లేఖ రాస్తున్నాను.

మాది పదిమంది సభ్యులున్న చిన్న పౌరసంఘం. పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు, ఒక న్యాయవాది, ఇద్దరు కౌలు రైతులు, కాలువల మీద లస్కరుగా (కాలువల్లో నీటి పారుదల చూసుకునే ఉద్యోగిగా) పనిచేసిన ఒక పెద్దాయన ఇందులో ఉన్నారు. ఆదివారాలు గ్రంథాలయంలో కూర్చుని, పత్రికల్లో వచ్చిన ప్రభుత్వ ప్రకటనలు చదివి, మా ప్రాంతానికి సంబంధించిన వాటి మీద గడువులోగా లిఖితపూర్వకంగా అభిప్రాయాలు పంపుతుంటాం.

పర్యావరణ అనుమతులకు ఆధారమైన 2006 సెప్టెంబరు 14 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం, పెద్ద ప్రాజెక్టులకు ముప్పై రోజుల ముందు ప్రకటన ఇచ్చి బహిరంగంగా ప్రజాభిప్రాయం సేకరించాలి. అయితే ఏయే ప్రాజెక్టులకు ఇది వర్తిస్తుందో చెప్పే జాబితాలో రైలు మార్గాలు లేనే లేవు. ఉన్న జాతీయ రహదారిని వెడల్పు చేసే పని కూడా 100 కిలోమీటర్లకు మించి ఉండి, పాత దారి వెంట 40 మీటర్లకు, బైపాసుల దగ్గర 60 మీటర్లకు మించి అదనపు భూమి తీసుకుంటే తప్ప ఆ జాబితాలోకి రాదని 2013లో సవరించారు. డెల్టాలో మన ఊళ్ళ పక్కన వేసే చిన్న బైపాసుల్లో ఈ కొలతకు అందేవి ఎన్ని ఉంటాయి? ఇక మిగిలింది 1956 నాటి జాతీయ రహదారుల చట్టంలోని 3సి సెక్షన్. భూసేకరణ ప్రకటన వెలువడిన 21 రోజుల్లో అభ్యంతరం చెప్పవచ్చునని అది అంటుంది గాని, సేకరించే భూమిలో హక్కు ఉన్నవారికే ఆ అవకాశం. గట్టుకు అర కిలోమీటరు ఎగువన మునిగే చేను యజమానికి గాని, దానిని కౌలుకు చేస్తున్న రైతుకు గాని నోరెత్తే చోటు లేదు.

కొన్నేళ్ళ క్రితం మా పక్కన ఒక దారి పని మొదలైనప్పుడు, రెండు చోట్ల ఖానాలు చాలవని మేము సంబంధిత కార్యాలయానికి రాశాం. పటంలో గీసిన మురుగు కాలువ పూడిపోయి చాలా కాలమైందనీ, నీరు ఇప్పుడు పారేది దానికి రెండు ఫర్లాంగుల అవతల పల్లంలోననీ లస్కరు పెద్దాయన చేత గీయించిన పటాన్ని కూడా జతపరిచాం. అభ్యంతరదారులకు సదరు భూమిలో హక్కు లేనందున పరిశీలించజాలమని జవాబు వచ్చింది. కానీ ఆ పనిమీద ఉన్న ఒక యువ ఇంజనీరు మా పటం చూసి, ఎవరూ చెప్పకుండానే ఒక సాయంత్రం వచ్చి, పెద్దాయన వెంట గట్టు పొడవునా నడిచారు. మొదటి చోట అదనంగా ఒక కల్వర్టు వచ్చింది. రెండో చోటికి వచ్చేలోగా ఆయనకు బదిలీ అయింది. ఆ ఏడు ఊడ్పులయ్యాక కురిసిన పెద్ద వానకు మొదటి చోట నీరు రెండు రోజుల్లో లాగేసింది. రెండో చోట వారం దాటినా కదలక, ఊడ్చిన నారంతా కుళ్ళిపోయింది.

2011 సార్వాలో పంట విరామం (నిరసనగా సాగు మానేయడం) ప్రకటించిన కోనసీమ రైతులు 2022లో మళ్ళీ ఆ మాట ఎత్తినప్పుడు, ధాన్యం డబ్బుల బాధతో పాటు మురుగు పారక చేలు మునిగిపోతున్నాయన్న బాధ కూడా చెప్పుకున్నారు. మురుగు కాలువల్లో గుర్రపుడెక్క, పూడిక తీయించడం ఎంత అవసరమో, వాటికి అడ్డంగా వేసే కొత్త గట్టులో దారి వదలడం అంతకన్నా అవసరం. పూడికను ఏటా తీసుకోవచ్చు, ఒకసారి కట్టిన గట్టును ఎవరు తవ్వుతారు?

మేము దారులకు అడ్డుపడేవాళ్ళం కాము. 2004లో కోటిపల్లి దాకా రైలు వచ్చిన నాటి నుంచి గోదావరికి ఇవతలి ఒడ్డున ఎదురుచూస్తున్నవాళ్ళమే. మా విన్నపం డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ, పశ్చిమ గోదావరి జిల్లాల కలెక్టర్లకు. చట్టం బలవంతపెట్టకపోయినా, ప్రతి గట్టు పనికీ ముందు ఆ నమూనాను ఖానాల కొలతలతో సహా తెలుగులో గ్రామసభ ముందు పెట్టించవలసిందిగా కోరుతున్నాం. ఆ సభ ఊడ్పుల్లోనో కోతల్లోనో కాకుండా రైతులు రాగలిగిన రోజున జరగాలి, డ్రెయినేజీ ఇంజనీర్లు అక్కడ ఉండాలి. ఊరివాళ్ళు లేవనెత్తిన ప్రతి అంశానికీ, అది అంగీకరించదగినది కాకపోయినా సరే, కారణం చూపుతూ రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలి. ఇందుకు కొత్త చట్టం గాని, పెద్ద ఖర్చు గాని అక్కరలేదు.

కోనసీమలో రైలు గట్టు ఇంకా పూర్తి కాలేదు. ఖానాల లెక్క సరిచూసుకోవడానికి ఇంకా వ్యవధి ఉంది. మా లస్కరు పెద్దాయనకు ఎనభై దాటాయి. ఏ ఇంజనీరు వచ్చినా వెంట నడిచి, నీరు ఎక్కడెక్కడ పారుతుందో చూపించడానికి ఆయన సిద్ధంగా ఉన్నారు.

ఇట్లు,
ఒక పౌరసంఘ సభ్యుడు,
రాజోలు ప్రాంతం