విద్యార్థి నాయకుడి ఎన్నికను ఎందుకు రద్దు చేశాము: ఆగస్టు నెల వార్తాలేఖ

గౌరవనీయులైన తల్లిదండ్రులకు, సంరక్షకులకు నమస్కారం.

మన బడిలో విద్యార్థి నాయకుడి ఎన్నికను రద్దు చేసి, వారం తర్వాత మళ్ళీ జరిపిన విషయం గురించి మీరు గేటు దగ్గరా, వాట్సాప్ గ్రూపుల్లోనూ మాట్లాడుకుంటున్నారని నాకు తెలుసు. "పిల్లల ఎన్నికకు ఇంత పట్టుదల దేనికి మేడమ్?" అని కొందరు నన్నే నేరుగా అడిగారు. అడిగినందుకు సంతోషం. జవాబు చెప్పడం నా బాధ్యత.

పోలింగుకు ముందు రోజు ఒక అభ్యర్థి తరఫున ఆరు, ఏడు తరగతుల్లో జెల్ పెన్నులు పంచారు. ఫలితం ప్రకటించిన మర్నాడు ఫిర్యాదుల పెట్టె తెరిస్తే, మూత కూడా తీయని ఒక నీలం పెన్ను, దానికి రబ్బరు బ్యాండుతో చుట్టిన చిన్న కాగితం కనిపించాయి. "ఇది నా ఓటు కోసం ఇచ్చారు. తీసుకున్నందుకు రాత్రి నిద్ర పట్టలేదు. తిరిగి ఇస్తున్నాను" అని ఏడో తరగతి పాప రాసి, కింద రోల్ నంబరుతో సహా సంతకం చేసింది. ఇరవై తొమ్మిదేళ్ళ ఉద్యోగంలో సాంఘికశాస్త్రంలో ఇంతకన్నా మంచి జవాబు పత్రాన్ని నేను దిద్దలేదు. ఆ కాగితం చదివాక ఆ ఫలితాన్ని నిలబెట్టడం నా వల్ల కాలేదు.

ఆ అభ్యర్థి గురించి కూడా చెప్పాలి. పెన్నులు కొనిచ్చింది ఇంట్లోని పెద్దలేనని మాకు తెలిసినా, ప్రార్థన సమయంలో అందరి ముందు నిలబడి తప్పు తనదేనని ఒప్పుకున్నాడే తప్ప ఆ మాట వాడి నోట రాలేదు. రెండోసారి పోటీ చేసి, పదకొండు ఓట్ల తేడాతో ఓడి, గెలిచిన అమ్మాయికి బ్యాడ్జీ తన చేతులతోనే పెట్టాడు. ఇక పోలింగు అధికారులుగా కూర్చున్న తొమ్మిదో తరగతి పిల్లలైతే, బూటు డబ్బాలకు సీలు వేసి, వేలికి సిరా పెట్టి, ఓటేస్తున్న పిల్లవాడి వెనకాలే లోపలికి వెళ్ళబోయిన తమ క్లాస్ టీచరును "లోపలికి ఓటరు ఒక్కరే మేడమ్" అని వినయంగా ఆపేశారు. ఆ టీచరు వచ్చి నాతో చెబుతున్నప్పుడు ఆమె ముఖంలో ఎంత గర్వమో!

ఓటు విషయంలో నేను మెత్తగా ఉండలేను. 1948 సెప్టెంబరు దాకా మన ఓరుగల్లు నిజాం రాజ్యంలో ఉండేది; దొర గడీ ముందు "బాంచెన్" అని వంగడమే తప్ప, పాలించేవాణ్ణి ఎన్నుకునే హక్కు ఇక్కడి రైతుకూ కూలికీ లేదు. 1951–52లో జరిగిన తొలి సాధారణ ఎన్నికల్లో, ఆస్తి ఉందా, చదువు వచ్చా అని అడగకుండా 21 ఏళ్ళు నిండిన ప్రతి మనిషికీ ఓటు వచ్చింది. అప్పట్లో ఒక్కో అభ్యర్థికి గుర్తు అంటించిన ఒక్కో డబ్బా ఉండేది. మా నాయనమ్మకు అక్షరం ముక్క రాదు. తన కాగితం ఏ డబ్బాలో వేసిందో మా తాతకు సైతం చెప్పలేదని, "అది నాకూ సర్కారుకూ నడుమ మాట" అనేదని మా నాన్న చెప్పేవారు. అలా వచ్చిన ఓటును ఈనాడు నోటుకో సీసాకో ఇచ్చేస్తుంటే నాకు కడుపు మండుతుంది. ఓటు కోసం లంచం ఇవ్వడమే కాదు, పుచ్చుకోవడమూ చట్టప్రకారం నేరమే. చట్టం సంగతి అటుంచినా, పైసలు తీసుకున్నవారు మోరీ ఎందుకు తీయలేదని, బడికి గదులు ఎందుకు కట్టలేదని ఏ నోటితో అడుగుతారు? ప్రశ్నించే హక్కును అక్కడే వదులుకున్నట్టు కదా!

రాజ్యాంగంలో ప్రాథమిక విధులు మొదట లేవు. 1976లో 42వ సవరణ ద్వారా పది విధులు చేరాయి. పదకొండోది 2002లో 86వ సవరణతో వచ్చింది. ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలకు చదువుకునే అవకాశం కల్పించడం తల్లిదండ్రుల, సంరక్షకుల విధి అని అందులో ఉంది. ఆ పిల్లలకు విద్యాహక్కు ఇచ్చిన 21ఎ అధికరణం కూడా అదే సవరణలోది. పిల్లల హక్కునూ పెద్దల విధినీ ఒకే సవరణలో రాశారన్నమాట. ఫీజు కట్టడంతో ఆ విధి తీరిపోదని దయచేసి గమనించగలరు.

అందుకే కొన్ని మాటలు చనువుగా చెబుతున్నాను. "ఎవరికేశావు?" అని పిల్లలను ఇంట్లో గుచ్చి గుచ్చి అడిగారని, చెప్పనందుకు ఒకరిద్దరిని కోప్పడ్డారని తెలిసింది. రహస్య ఓటు అని మేము బడిలో చెప్పింది ఇంట్లో ఆ పూటే చెరిగిపోతోంది. "ఈసారి ఓటుకు ఎంతిచ్చారు?" అని భోజనాల దగ్గర మీరు మాట్లాడుకునేది పక్కనే కూర్చున్న పిల్లలు వింటున్నారు. హెల్మెట్ లేకుండా బండి మీద ముగ్గురిని ఎక్కించుకుని రాంగ్ రూటులో వచ్చి గేటు ముందు దింపే పెద్దలకు ఇప్పటికి నాలుగుసార్లు మనవి చేశాను, ఇది ఐదోసారి.

ఎఫ్‌ఏ-1 మార్కుల జాబితాలు, రామప్ప యాత్ర అనుమతి పత్రాలు పిల్లలతో పంపాము, సంతకం చేసి శుక్రవారం లోపు తిప్పి పంపండి. అక్కలకో అన్నలకో 18 ఏళ్ళు నిండి ఉంటే ఫారం-6 నింపి ఓటరుగా చేర్పించండి.

ఏడు, ఎనిమిది తరగతుల వారికి ఈ వారం ఒక ఇంటి పని ఇచ్చాము. ఎవరికి ఓటు వేయాలో మీరు ఎలా నిర్ణయించుకుంటారో మిమ్మల్ని అడిగి ఒక పేజీ రాసుకుని రావాలి. ఎవరికి వేశారన్నది వారు అడగరు, మీరు చెప్పనక్కరలేదు. మిగతాది మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పండి. పోయినసారి చాలా నోటు పుస్తకాల్లో అమ్మల చేతిరాత కనిపించింది. ఈసారి పిల్లలనే రాయనివ్వండి. సోమవారం ఆ పేజీలన్నీ నేనే చదువుతాను.

నమస్కారాలతో,
మీ ప్రధానోపాధ్యాయురాలు
హనుమకొండ